మెట్లు దిగని వదిన

మంగళవారం పొద్దున్న, రైల్వే వర్క్‌షాపు సైరను ఇంకా మోగకముందే, మా వదిన పోయింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మీలో చాలామందికి ఆమె టీచరమ్మ. బెంగాలీ ఇళ్ళకి దీదీమణి. నాకు మాత్రం వదిన. మా అన్న భార్య. అమ్మ లేని ఇంట్లోకి కోడలిగా వచ్చి, నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. కబురు విన్నవాళ్ళు విన్నట్టే వచ్చారు. మంచం చుట్టూ నిలబడ్డారు, ఏడ్చారు. ఆ తర్వాత మా ప్రార్థన మందిరం వాళ్ళు కొందరు నన్ను పక్కకి పిలిచి అడిగారు, గొంతు తగ్గించి: "బ్రదర్, ఆమెకి బాప్తిస్మం అయినాదా?"

కాలేదు.

ఈ ఒక్క మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను ఎవరినో మీకు తెలుసు. పూరీ గేటు దగ్గర, న్యూ సెటిల్‌మెంట్ బజారు దగ్గర, వర్షమని చూడకుండా ఎండని చూడకుండా నిలబడి, గొంతు చీరుకుపోయేలా 'మారుమనసు పొందండి, నీళ్ళలోకి దిగండి' అని కేకలు వేసేవాణ్ణి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా కేకకి కదిలి వచ్చి దిగారు. మా ఇంటి మనిషి దిగలేదు. దిగాలని లేక కాదు. ఎందుకు దిగలేదో రేపు ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వదిన పుట్టింది హిందువుల ఇంట్లో. వాళ్ళదీ మాదీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే, వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే వర్క్‌షాపులో సుత్తి పట్టినవాళ్ళు. అన్నా వదినల పెళ్ళి తర్వాత ఆ ఇద్దరూ కొంతకాలం పలకరించుకోలేదు. వదిన మాత్రం ఏ గొడవా పెట్టుకోలేదు. ఆదివారం మాతోపాటు ప్రార్థనకి వచ్చి చివరి చాప మీద కూర్చునేది. పాటలన్నీ నాకంటే ముందు ఆమెకే నోటికి వచ్చేశాయి. బాప్తిస్మం మాట ఎత్తితే మాత్రం, "మా నాన్న పెద్దోడైపోనాడు నాయినా. ఆయన్ని ఏడిపించి నాను ఏ దేవుణ్ణి నవ్వించగలను?" అనేది. నేను వాదించేవాణ్ణి. తండ్రినైనా తల్లినైనా నాకంటే ఎక్కువ ప్రేమించకూడదని ప్రభువు అన్నాడని గుర్తుచేసేవాణ్ణి. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. "అన్నాడు. సిలువ మీద నుంచి తల్లిని ఒకరి సేతిలో పెట్టినాడు కూడాను" అని, మళ్ళీ బియ్యంలో తల దూర్చేది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఫిట్టరుగా చేరాక వాక్యం నాకు నేనే చదువుకున్నాను, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం. గట్టిగా చదివేవాణ్ణి కాబట్టి ఎక్కడ తడబడ్డానో వంటింట్లోకి వినబడేది. అక్కడి నుంచే దిద్దేది. దిద్ది ఊరుకుంటే బాగుండేది. ప్రశ్న వేసేది. మారా అనే చోట నీళ్ళు చేదుగా ఉన్నాయి, మోషే చెట్టు కొమ్మ వేస్తే తియ్యనయ్యాయి అని నేను పరవశంతో చదువుతుంటే, "ఏ ఉప్పు వల్ల సేదెక్కినాయంటావు నాయినా?" అనేది. తెలుగు బడిలో సైన్సు టీచరు మరి. "అది విశ్వాసంతో చదవాలి వదినా" అంటే, "విశ్వాసంతోనే అడుగుతన్నాను. ఆ ఉప్పేటో తెలిస్తే మన కొళాయికీ ఒక కొమ్మ కట్టుకుందుం" అనేది. అన్న కంచం ముందు కూర్చుని నవ్వలేక దగ్గేవాడు.

వాళ్ళకి పిల్లలు లేరు. బడిలో ఉన్నవాళ్ళే పిల్లలు. వదిన వాళ్ళ నాన్న పోయాడు. తర్వాత కొంతకాలానికి మా అన్న కూడా పోయాడు. అన్న సంవత్సరీకం ప్రార్థన అయిన సాయంత్రం, గిన్నెలు సర్దుతూ, ఎవరూ అడక్కుండానే చెప్పింది. "నాయినా, మీ అన్న దిగిన మెట్లే నానూ దిగుతాను."

ఆ మెట్ల గురించి బయటివాళ్ళకి చెప్పాలి. సెటిల్‌మెంట్ వెనక పారే చిన్న ఏటిని బెంగాలీలు ఖాల్ అంటారు. మనవాళ్ళు ఊరి మాట మరవలేదు, గెడ్డ అంటారు. కోస్తా నుంచి బెంగాల్లోని ఈ రైల్వే ఊరికి మొదట వచ్చిన మన తాతలు డ్యూటీ దిగాక రాళ్ళు మోసుకొచ్చి దాని గట్టుకి మెట్లు కట్టారు. మా తాత అక్కడే మునిగాడు, మా నాన్న, మా అన్న, నేను. పారే నీళ్ళలో మునగాలి, అదీ మన మెట్ల దగ్గరే మునగాలి అన్నది మా ఆచారం. పునరుత్థాన పండుగ పొద్దున్న తెల్లబట్టలతో అందరూ గట్టు మీద నిలబడి పాడుతుంటే ఒక్కొక్కరే దిగుతారు.

వదిన బాప్తిస్మానికి ఆ పండుగే నిర్ణయించాం. తెల్లచీర కొన్నాం. నా భార్య దానికి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. నాకు ఒళ్ళు తెలియడం లేదు. ఇన్నేళ్ళ ప్రార్థన.

అదే రోజుల్లో వదిన బడి పిల్లలతో గెడ్డ నీళ్ళు పరీక్షించడం మొదలుపెట్టింది. పుస్తకంలో పాఠం ఉంది, ఊళ్ళో గెడ్డ ఉంది, రెండింటికీ పరిచయం చెయ్యాలి అనేది. పరికరాలంటే పెద్దవేమీ కావు. రంగు మారే కాగితం ముక్కలు, ఒక థర్మామీటరు, మందు వేసిన చిన్న సీసాలు, ఒక పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం. గొట్టం అడుగున నల్లరంగుతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసింది. అందులో నీళ్ళు పోస్తూ పైనుంచి చూడాలి. ఎంత ఎత్తు నీళ్ళ కింద ఆ గుర్తు కనబడితే నీళ్ళు అంత తేట. పిల్లలు దానికి సిలువ గొట్టం అని పేరు పెట్టేశారు. ఒక శనివారం నేను గట్టు మీద సైకిలు ఆపేసరికి, కింద నుంచి ఒక పిల్ల గొంతు: "టీచరమ్మా, సిలువ కనబడ్డం నేదు." నాకు గుండె ఝల్లుమంది. వదిన తలెత్తి నన్ను చూసింది. "అలగ నిలబడిపోకు నాయినా. బురదెక్కువైనాది, అంతే."

రంగు కాగితాల కట్టని పాటల పుస్తకంలో పెట్టుకుని తిరిగేది. చింతపండు పులుసు, సబ్బు నీళ్ళు, సోడా, దేంట్లో పడితే దాంట్లో ముంచేది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల అయ్యాక గిన్నెలు కడిగే పని ఎప్పుడూ ఆమెదే. ఒక ఆదివారం గిన్నెలో మిగిలిన ద్రాక్షరసంలో కూడా కాగితం ముంచింది. నేను చూసి కోప్పడ్డాను. "పులుపెక్కువగా ఉన్నాది. పెద్దలకి కడుపులో మంటెడతాది, సెప్పు" అంది. ఆ గిన్నెలు ఆమె ఎన్నేళ్ళు కడిగిందో. ఒక్కసారి కూడా వాటిలో తాగే వంతు ఆమెకి రాలేదు. బాప్తిస్మం లేనివాళ్ళకి బల్ల లేదు కదా. ఆ నియమాన్ని నేనే చదివి వినిపించేవాణ్ణి, ప్రతిసారీ.

పండుగ ముందురోజు, శనివారం. నేను ఇంట్లో ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాను. వదిన వచ్చి, తెరిచి ఉన్న వాక్యం పక్కన ఒక సీసా పెట్టింది. నల్లగా ఉంది. ఇంజను ఆయిలు అంత నలుపు.

"ఇదేటి వదినా?"

"మన మెట్ల కాడ నీళ్ళు. పిల్లలు ముంచినారు. మరుగుదొడ్డి నీళ్ళు కలిసినచోట, ఆ నీళ్ళలో పురుగుల వల్ల ఈ మందు ఇలగ నల్లబడతాది. కలవకపోతే రంగు మారదు. నాయినా, రేపు నాను దిగను. ఇంకెవుర్నీ దింపకు."

నాకు మండింది. "మన తాతలు దిగలేదా? సిరియా సేనాపతి కుష్ఠుతో వొస్తే ప్రవక్త యొర్దానులో మునగమన్నాడు. మా దేశం నదులు ఇంతకంటే బాగుంటాయని ఆయనా నీలాగే మొహం తిప్పుకున్నాడు. మునిగినాకే గదా బాగుపడ్డాడు?"

వదిన కుర్చీలో కూర్చుంది. "ఆయన రోగం పోగొట్టుకుందుకు దిగినాడు. నువ్వు రోగం తెచ్చుకుందుకు దింపుతన్నావు."

నా భార్య తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోడానికి. నాకు నవ్వు రాలేదు.

పెద్దలు సీసా చూశారు. ఆ పండుగకి ఎవరూ దిగలేదు. వర్షాకాలం లోపు మందిరం వెనక సిమెంటు తొట్టి కట్టించి, కొళాయి నీళ్ళు పట్టించి, బాప్తిస్మాలు అక్కడికి మార్చారు. ఇంక సమస్య తీరిందని అందరం అనుకున్నాం. తెల్లచీర పట్టుకుని వదిన దగ్గరికి వెళ్ళాను. ఆమె వెళ్ళి తొట్టిని చూసి వచ్చింది. తర్వాత అంది: "నాయినా, మీరు తొట్టి కట్టిన రోజే గెడ్డని వొదిలేసినారు. ఇంక అది ఏటైపోయినా మీకు అక్కర్నేదు."

మర్నాడు బడిలో పిల్లల ముందు నిలబడి మాట ఇచ్చేసింది. మెట్ల దగ్గరి సీసా నల్లబడని రోజున నేను ఆ మెట్లు దిగుతాను, అంతవరకూ తొట్టిలో దిగను అని. అంతే. నా వదిన ఆత్మని ఒక సీసాకి కట్టేసుకుంది. మీరు తల పట్టుకుంటున్నారా? నేనూ పట్టుకున్నాను.

అప్పటి నుంచి శనివారం శనివారం సీసాలు ముంచడం, నల్లబడిందో లేదో చూసి గెడ్డ దాటే కల్వర్టు గోడ మీద చుక్క పెట్టడం. సీసా నల్లబడితే నల్లచుక్క, నల్లబడకపోతే నీలం చుక్క. సున్నం వేసిన ఆ గోడ మీద నల్లచుక్కలు చీమల బారులా పెరిగిపోయాయి. రాజు విందు చేసుకుంటుంటే గోడ మీద వేళ్ళు కనబడి రాశాయని వాక్యంలో చదువుతాం. ఇక్కడ రాసింది స్కూలు యూనిఫారం వేసుకున్న పిల్లలు. బట్టలు ఉతికే ఆడవాళ్ళు ముందు గోడ చూసి తర్వాత మూట దింపేవాళ్ళు. మిఠాయి దుకాణం దాదా సైకిలు దిగకుండానే కేకేసేవాడు: "ఓ దీదీమణి, ఆబార్ కాలో?" మళ్ళీ నలుపేనా అని. వదిన బెంగాలీలోనే, "నలుపే దాదా, మీ రసగుల్లా ఎక్కడ కడుగుతున్నారో చెప్పండి" అనేది.

గెడ్డకి ఎగువన ఉన్న పై వీధివాళ్ళకి కోపం వచ్చింది. ఒకావిడ వదిన ఇంటికే వచ్చింది. "టీచరమ్మా, మీ బడి గుంటలు గోడ మీద సుక్కలెట్టి మా ఈది పేరు సెడగొడతన్నారు. మా పిల్లకి సంబంధం సూస్తన్నాం."

"రంగు మేం ఎయ్యలేదమ్మా. నీళ్ళు ఏసినాయి. నీళ్ళకి మొహమాటం నేదు" అని, ఆవిడకి టీ ఇచ్చి కూర్చోబెట్టింది. టీ అయ్యేసరికి ఆవిడ ఇంటి మరుగుదొడ్డి గొట్టం ఎటు పోతుందో ఆవిడ చేతే చెప్పించింది. గెడ్డలోకే.

ఒక డిసెంబరులో అద్భుతం జరిగింది. జరిగిందనుకున్నాం. సీసా నల్లబడలేదు. మరో శనివారం కూడా నల్లబడలేదు. పిల్లలు గోడ మీద నీలం చుక్కలు పెట్టి గంతులేశారు. నేను క్రిస్మస్ ప్రసంగంలో గెడ్డ స్వస్థపడిందని ప్రకటించాను, సభ అంతా చప్పట్లు. వదిన సంతోషపడింది, కాదనను. తెల్లచీర మడత విప్పి ఎండలో వేసింది. కానీ సాయంత్రానికి బడికి వెళ్ళి సీసాలు పెట్టిన ఇనుప బీరువా మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా, మంచుముద్దలా ఉంది. "సలికి పురుగులు కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటాయే. లేపితే గదా రంగు తెలిసేది" అంది పిల్లలతో. ఆ సీసాల్ని ఇంటికి తెచ్చి, మా అన్న చలికాలం డ్యూటీకి కట్టుకెళ్ళే ఉన్ని మఫ్లరులో చుట్టి, పొయ్యి పక్కన పెట్టింది. నల్లబడ్డాయి. పిల్లల్ని తీసుకెళ్ళి నీలం చుక్కల మీద నల్లరంగు వేయించింది. ఆ చుక్కలు వేస్తూ ఏడ్చిన పిల్లల్లో కరుణ ఒకతె. మా మందిరంలోనే పెరిగిన పిల్ల, పొడుగ్గా, ఎప్పుడూ రిబ్బను ఊడిపోతూ ఉండేది. చీర మళ్ళీ మడత పెట్టిన రోజున వదిన నాతో అన్న మాట ఇది: "కళ్ళు మూసుకుని ప్రార్థన సెయ్యి నాయినా. నీళ్ళు మాత్రం కళ్ళు తెరిసి సూడు."

ఆమె రిటైరయింది. క్వార్టరు ఖాళీ చేసి పూరీ గేటు దగ్గర అద్దె ఇంట్లోకి మారింది. శనివారం మాత్రం మానలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని పై వీధిలో ఒక్కో గుమ్మం ఎక్కింది. తిట్టినవాళ్ళు ఉన్నారు, మొహం మీద తలుపు వేసినవాళ్ళు ఉన్నారు. గొయ్యి తవ్వించి గొట్టం తిప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మొట్టమొదట తిప్పించింది టీ తాగి వెళ్ళిన ఆవిడే. మొదట్లో సీసా మర్నాటికల్లా బొగ్గయ్యేది. తర్వాత తర్వాత మెల్లగా నల్లబడేది, పిల్లలకి ఓపిక పట్టేది కాదు. నేను కూడా శనివారాలు గట్టు మీద నిలబడి ప్రార్థించేవాణ్ణి. ప్రభువా, ఎవరి కోసమూ కాదు, ఒక్క మనిషి కోసం ఈ నీళ్ళని కడుగు అని.

పోయిన ఏడాది ఆమె కిడ్నీలు చెడిపోయాయి. ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయేది. చేతుల మీద సూది మచ్చలు, కాళ్ళ వాపు. నాకు భయం పట్టుకుంది. నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడును అన్న వాక్యం రోజూ ప్రకటించేవాణ్ణి నేను, ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. తొట్టి దగ్గరికి కుర్చీలో మోసుకెళ్తామన్నాను. మంచం దగ్గరే ఒక బకెట్టు నీళ్ళతో కానిద్దామా అని పెద్దల్ని అడిగి వచ్చాను, మా నియమం విడిచి. వదిన దేనికీ ఒప్పుకోలేదు.

ఆమె పోయే ముందురోజు, సోమవారం సాయంత్రం, నేను ఆమె మంచం పక్కన కూర్చుని ఉన్నాను. కరుణ వచ్చింది, వెనక పిల్లల గుంపు. కరుణ చేతిలో శనివారం ముంచిన సీసా. నల్లబడలేదు. లేత గోధుమరంగులో, తేటగా ఉంది.

"నల్లబడలేదు టీచరమ్మా" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆ చిన్న గదిలో ఎంత గట్టిగా స్తోత్రం చెప్పానో, పక్కింటి బెంగాలీ ముసలాయన ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. ఈ ఆదివారమే అన్నాను. కుర్చీకి కర్రలు కట్టి మెట్లదాకా మోసుకెళ్దాం, వర్క్‌షాపులో నా స్నేహితులు చాలు అన్నాను. నా భార్యకి ఫోను చేసి చీర తియ్యమన్నాను. ఇదంతా చెబుతూ వదిన మొహం చూశాను. ఆమె కళ్ళు సీసా మీదే ఉన్నాయి. వాటిలో ఆశ ఉంది, నేను చూశాను. చెయ్యి చాపి సీసా తీసుకుంది. కిటికీ తెర తియ్యమంది. వెలుగులో పట్టుకుని, తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, కాసేపు ఆగి అడుగు చూసింది.

"మట్టేదే?" అంది.

కరుణ స్కూలు బ్యాగు పట్టీ బిగించి పట్టుకుంది.

"గెడ్డ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా అడుగున చిటికెడు ఎర్రమట్టి దిగాల. ఇందులో నలకైనా నేదు. ఎక్కడ పట్టినావు?"

"బడి కొళాయి కాడ" అంది ఆ పిల్ల, నేల చూస్తూ. "దిగాలని మీకు ఉన్నాది గదా టీచరమ్మా. రోజులు... రోజులు నేవంట గదా."

నాకు ఆ పిల్లని గుండెకి హత్తుకోవాలనిపించింది. దేవుని బిడ్డలారా, నేను నిజం రాస్తున్నాను: ఆ క్షణంలో ఆ అబద్ధం నాకు పాపంలా కనబడలేదు.

వదిన కరుణని దగ్గరికి పిలిచింది. ఊడిపోయిన రిబ్బను తీసి, మళ్ళీ కట్టింది. చాలాసేపు పట్టింది. "నీళ్ళకి మొహమాటం నేదని సెప్పినాను గదే. నీకెక్కణ్ణించి వొచ్చినాది?" అని, "నిజం సీసా ఏదీ?" అంది.

స్కూలు బ్యాగులోంచి తీసింది కరుణ. బూడిదరంగు దాటి నలుపులోకి పోతోంది. వదిన దాన్ని కూడా వెలుగులో చూసింది. "సూడండే, రెండ్రోజులైనా పూర్తిగా నల్లబడలేదు. బాగుపడతన్నాది. ఎల్లి నల్లసుక్క ఎట్టండి" అంది. అలా అన్నప్పుడు ఆమె మొహంలో ఉన్నది ఓటమి కాదు. ఏమిటో నాకు పేరు తెలియదు.

పిల్లలు వెళ్ళాక నేను మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను. "వదినా, నువ్వు ఊరుకుంటే సరిపోను. దేవుడు సీసా అడగడు."

"దేవుడు అడగడు. ఆ గుంటలు అడుగుతారు. నాను పోయినాక, ఎవరికో జాలేసి, ఎవరికో బయమేసి, ఆల్లు నీలం సుక్క ఎట్టినారనుకో. ఆ నీళ్ళలో ఏ పసిబిడ్డని ముంచుతారో."

"మరి నీ సంగతి?"

"సిలువ మీద తన పక్కనున్న దొంగని పరలోకానికి తీసుకెల్లినాడు ప్రభువు. ఆడికి ఏ మెట్లు దొరికినాయి నాయినా?"

"వాడు దిగలేకపోయినాడు. మేకులు కొట్టేసి ఉన్నాయి. నిన్నెవరు కొట్టినారు?"

ఆమె కళ్ళు మూసుకుంది. "పిల్లల ముందు మాట ఇచ్చినాను గదా" అంది. తర్వాత, నిద్రలోకి జారుతూ, "దిగాలనే ఉన్నాది. మీ అన్న నిలబడినచోట. శానా ఉన్నాది" అంది.

అది నేను మోయలేకపోతున్న మాట. మరో ఆదివారం రాకుండానే మంగళవారం వచ్చింది.

సమాధి విషయంలో పెద్దలు తటపటాయించారు. సంఘంలో చేర్పు పొందని మనిషి కదా, అన్న పక్కన చోటు ఇవ్వొచ్చా అని. నేను మందిరం గుమ్మంలో నిలబడి మాట్లాడాను. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తు లేదు. ఆ దొంగ సంగతే మాట్లాడి ఉంటాను, వదిన నోట విన్నదే. పై వీధి ఆవిడ, మందిరం గడప ఎప్పుడూ తొక్కని మనిషి, జనం మధ్య నుంచి ముందుకొచ్చి, "ఆ యమ్మ పక్కన పడుకోడానికి మాకే అర్హత నేదు బాబూ" అంది. అన్న పక్కనే పెట్టాం. తెల్లచీర కట్టి పంపింది నా భార్య. స్నానం కొళాయి నీళ్ళతోనే చేయించారు. ఆ నీళ్ళు ఆమె ఒంటి మీద నుంచి జారుతుంటే నేను గోడకి తిరిగి నిలబడ్డాను.

నా సిద్ధాంతం మార్చుకున్నానా అని అడుగుతారు మీరు. లేదు. రేపు కూడా గేటు దగ్గర నిలబడి నీళ్ళలోకి దిగమనే అంటాను. కానీ ఆమె ఎక్కడ ఉందని అడిగితే నా దగ్గర వాక్యం లేదు. పుట్టి బుద్ధి ఎరిగాక మొదటిసారి, వెతుకుతున్నాను, దొరకడం లేదు. ప్రభువా, నీకు తెలుసు అని మాత్రం అంటున్నాను. అది ప్రార్థనో, నిలదీయడమో నాకే తెలియదు.

శనివారం మధ్యాహ్నం కాళ్ళు నన్ను గెడ్డకి తీసుకెళ్ళాయి. పిల్లలు రారనుకున్నాను. వచ్చారు. మిఠాయి దుకాణం దాదా సైకిలు దిగి, చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు, ఈసారి ఏమీ అడగలేదు. నన్ను చూసి పిల్లలు ప్రార్థన చేస్తానేమోనని తలలు వంచారు. నేను కళ్ళు తెరిచే ఉంచి నీళ్ళ వైపు చూశాను.

కరుణ చెప్పులు విడిచి, పావడా మోకాళ్ళ పైకి దోపుకుని, మన తాతల మెట్లు ఒక్కొక్కటే దిగి నీళ్ళలో నిలబడింది. ఆమె పాదాల చుట్టూ ఎర్రమట్టి పొగలా లేచింది. మూత తీసిన సీసా భుజం దగ్గర పట్టుకుని, ఎగువకి మొహం పెట్టి, తను లేపిన మట్టి కిందికి కొట్టుకుపోయేదాకా ఆ పిల్ల కదలకుండా నిలబడి ఉంది.